ఉప్పుతో మురుగు గుట్టు విప్పిన ఎలెన్

అంట్లు తోమిన నీళ్ళు తూములోంచి బయటికి వెళ్ళిపోగానే మన పని అయిపోయిందనుకుంటాం. ఆ నీళ్ళు ఏ కాలవలో కలుస్తాయో, చివరికి ఎవరింటి బిందెలోకి చేరతాయో ఎంతమందిమి ఆలోచిస్తాం? వందేళ్ళకు పైగా కిందటే ఆ ప్రశ్నకు లెక్కకట్టి జవాబు చెప్పిన ఇల్లాలు ఎలెన్ స్వాలో రిచర్డ్స్.

ఎలెన్ 1842లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, డన్‌స్టబుల్ అనే పల్లెలో పుట్టింది. అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లే. తర్వాత తండ్రి కొట్టు పెడితే అక్కడ సాయం చేసింది. ఇంటి పని చూసుకుంది. పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టుకుంది. కాలేజీలో అడుగుపెట్టేసరికి పాతికేళ్ళు నిండాయి.

వాసర్ కాలేజీలో 1870లో డిగ్రీ పూర్తిచేసి, బోస్టన్‌లో ఉన్న ఎంఐటీలో చేరింది. అంతవరకూ అక్కడ ఆడపిల్లను చేర్చుకున్నది లేదు. ఆమె దగ్గర ఫీజు తీసుకోలేదు. తన లేమి చూసి జాలిపడ్డారనుకుంది ఎలెన్. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఎవరైనా అభ్యంతరం చెబితే, ఈమె మా విద్యార్థిని కాదని తప్పించుకోవడానికట! ఎలెన్ నొచ్చుకుని కూర్చోలేదు. లేబొరేటరీ ఊడ్చింది, ప్రొఫెసర్ల చిరుగులు కుట్టిపెట్టింది, 1873లో రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుంది. అక్కడ పట్టా పొందిన తొలి మహిళ ఆమే.

1875లో ప్రొఫెసర్ రాబర్ట్ రిచర్డ్స్‌ను పెళ్ళాడింది. మరుసటి ఏడాది అక్కడే ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా లేబొరేటరీ తెరిపించి, జీతం లేకుండా పాఠాలు చెప్పింది. 1884లో పారిశుద్ధ్య రసాయనశాస్త్రం బోధించే ఉద్యోగం వచ్చింది.

1887లో రాష్ట్ర ఆరోగ్య మండలి నదులు, చెరువుల నీళ్ళన్నీ పరీక్ష చేయించాలనుకుంది. ఆ పని ప్రొఫెసర్ థామస్ డ్రౌన్ ఆధ్వర్యంలో ఎలెన్ చేతికి వచ్చింది. రెండేళ్ళలో వేలాది సీసాల నీళ్ళు పరీక్షించింది. అక్కడ సాయపడింది మన వంటింటి ఉప్పే!

సముద్రం దగ్గరి నీళ్ళలో ఉప్పు కాస్త ఎక్కువగా ఉంటుంది, లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది. ఎక్కడ ఎంత ఉండడం సహజమో చూసి మ్యాపు తయారుచేశారు. ఎక్కడైనా అంతకు మించి ఉంటే మనుషుల మురుగు కలిసిందని అనుమానించాల్సిందే. మనం తిన్న ఉప్పు మూత్రంతోనూ, కడుగునీళ్ళతోనూ బయటికి పోక తప్పదు కదా! కంటికి తేటగా కనిపించే నీళ్ళ గుట్టు కూడా అలా బయటపడింది.

ఆ గుట్టు వెనక ప్రాణాలున్నాయి. మెరిమాక్ నది ఒడ్డున లోవెల్, దానికి దిగువన లారెన్స్ అనే మిల్లుల ఊళ్ళుండేవి. లోవెల్ మురుగు నదిలో కలిసేది, లారెన్స్ జనం అవే నీళ్ళు తాగేవారు. 1890-91లో పై ఊళ్ళో వచ్చిన టైఫాయిడ్ నీళ్ళ వెంటే కింది ఊరికీ వచ్చింది.

ఆరోగ్య మండలి 1887లోనే లారెన్స్‌లో ప్రయోగశాల పెట్టింది. మురుగును ఇసుక మడుల్లోకి విడతలుగా వదిలి, మధ్యమధ్య గాలి తగలనిస్తే, ఇసుకలోని సూక్ష్మజీవులే మురికిని తినేస్తాయని అక్కడివాళ్ళు నిరూపించారు. 1893లో ఊరి తాగునీటికి ఇసుక వడపోత ఏర్పాటైంది. టైఫాయిడ్ చావులు బాగా తగ్గాయి. అక్కడి ప్రయోగాలు చూసివచ్చిన ప్రేరణతోనే 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, మురుగులోకి గాలి పంపి శుద్ధిచేసే పద్ధతి రూపుదిద్దుకుంది. ఇవాళ మన ఊళ్ళలో కట్టే మురుగుశుద్ధి కేంద్రాలు చాలావాటికి అదే ఆధారం.

ఇల్లు శుభ్రంగా ఉంచడానికీ సైన్సు కావాలని నమ్మిన ఎలెన్ 1911లో కన్నుమూసింది. మన కాలేజీల్లో ఆడపిల్లలు చదివిన హోంసైన్సుకు పునాది వేసినవాళ్ళలో ఆమె ముఖ్యురాలు. పై ఊరి తూము, కింది ఊరి బిందె ఒకే నీటితో ముడిపడి ఉన్నాయని ఆమె లెక్కలు చెప్పాయి. మన ఊరి మురుగు శుద్ధయ్యే ఏటిలో కలుస్తోందా? మునిసిపాలిటీని అడగాల్సింది మనమే.