పిలవని పేరంటానికి వెళ్ళిన కెమెరా

మా అక్క పెళ్ళినాటి ఫొటో ఒకటి మా యింట్లో గోడకి వుంది. అందులో మా నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి కర్రలా నిలబడ్డాడు. గట్టు మీద కూచుని నవ్వుతూ కబుర్లు చెప్పే మా నాన్న ఆ ఫొటోలో ఎక్కడా కనపడడు. తీసినాయన తప్పేం లేదు. కెమెరాని చూడగానే మనిషి మారిపోతాడు, అంతే.

ఈ చిక్కుతోనే జీవితమంతా పెనుగులాడినవాడు ఎరిక్ సాలొమన్. విందుల్లో అతిథులు తమని ఎవరూ చూడటం లేదనుకుంటున్న క్షణంలో వాళ్ళ ముఖాలు పట్టుకున్న మొదటితరం ఫొటోగ్రాఫర్లలో ఆయనది పెద్దపేరు.

సాలొమన్ 1886 ఏప్రిల్ 28న బెర్లిన్‌లో ఒక కలవారి యూదు కుటుంబంలో పుట్టాడు. కొన్నాళ్ళు జంతుశాస్త్రం, కొన్నాళ్ళు ఇంజనీరింగు చదివి, చివరికి న్యాయశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నాడు. ఏ గ్రూపో తేల్చుకోలేని మనవాళ్ళకి ఇదో ధైర్యం! మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచివాళ్ళకి ఖైదీగా చిక్కాడు. ఆ ఖైదులోనే ఫ్రెంచి బాగా వంటబట్టింది. యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బు విలువ కుప్పకూలి, కుటుంబ ఆస్తి కరిగిపోయింది. డాక్టరు పట్టా వున్న మనిషి బతుకుతెరువుకోసం టాక్సీలు అద్దెకి నడిపాడు. ఆ తర్వాత ఉల్‌స్టీన్ అనే ప్రచురణ సంస్థలో ప్రకటనల విభాగంలో చేరాడు. కెమెరా చేతపట్టేనాటికి ఆయనకి నలభై దాటాయి.

ఆ రోజుల్లో రాత్రి విందులో ఫొటో తియ్యాలంటే మెగ్నీషియం పొడి వెలిగించాలి. భగ్గున వెలుగు, వెనకాలే పొగ. ఇక సహజమైన ముఖం ఎక్కడినుంచి వస్తుంది? 1924లో డ్రెస్డెన్‌లో ఎర్నెమన్ కంపెనీవారు ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరా తెచ్చారు. దాని లెన్సు ఎఫ్ 2. ఫిజిక్సువాళ్ళు క్షమించాలి, మిగతావాళ్ళకోసం చెబుతున్నాను. లెన్సు నాభ్యంతరాన్ని దాని ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఈ అంకె. అంకె సగమైతే వెలుతురు నాలుగు రెట్లవుతుంది. అంటే ఎఫ్ 8 కన్నా ఎఫ్ 2లో పదహారు రెట్లు. గదిలోని దీపాల వెలుతురే చాలు.

అలాగని సులువేం కాదు. గాజు ప్లేట్లు ఒక్కొక్కటే మార్చుకోవాలి. ఫోకసు కాస్త తప్పితే ముఖం మసకబారిపోతుంది. తరచు అరసెకనో, అంతకన్నా ఎక్కువో షట్టరు తెరిచి వుంచాలి. ఆ కాసేపూ ఎదుటివాళ్ళు కదలకూడదు. కదలొద్దని చెబితే మళ్ళీ మా నాన్న ఫొటోయే వస్తుంది! అందుకని సాలొమన్ కాలవగట్టు మీద కొంగలాగా కాచుకుని వుండేవాడు. మాట వింటూ ఒకరు, ఆలోచనలో పడి ఒకరు తమంతట తామే నిశ్చలమయ్యే క్షణం వస్తుంది. అప్పుడు నొక్కేవాడు.

ఆయన వేషం కూడా విందుకి తగ్గట్టే వుండేది. నల్లకోటు, మంచి మర్యాద, రెండు మూడు భాషలు. చూసినవాళ్ళు అతిథే అనుకునేవారు. 1928లో బెర్లిన్‌లో ఒక హత్యకేసు విచారణని టోపీలో దాచిన కెమెరాతో తీసి పేరు తెచ్చుకున్నాడు. 1930 జనవరిలో హేగ్‌లో జర్మనీ యుద్ధ నష్టపరిహారం మీద చర్చలు జరిగాయి. అర్ధరాత్రి దాటాక కుర్చీల్లో వాలి కునుకుతున్న మంత్రుల్ని తీశాడు. 1931లో బెర్లిన్ విందులో బ్రిటిష్ ప్రధాని మాక్డొనాల్డ్ పక్కన కబుర్లలో మునిగిన ఐన్‌స్టీన్‌ని తీశాడు. అదే యేడు పారిస్‌లో ఫ్రెంచి విదేశాంగ మంత్రి బ్రియాఁ ఆయన్ని గుర్తుపట్టి వేలెత్తి చూపించాడు. ఆ వేలుతో సహా ఫొటో పడింది! 1932లో చేతికి కట్టు కట్టుకుని, దాని మాటున కెమెరాతో అమెరికా సుప్రీంకోర్టుని తీశాడు.

పిలవకుండా వెళ్ళడం, అడక్కుండా తియ్యడం సబబేనా? పోయిన సంవత్సరం వీడ్కోలు విందులో మూలన నిలబడి ఏడుస్తున్న స్నేహితుణ్ణి నేను ఫోనుతో తీశాను. ఫొటో గొప్పగా వచ్చింది. వాడు చూసి తుడిచెయ్యమన్నాడు, తుడిచేశాను. సాలొమన్ తీసింది దేశాల తలరాతలు రాసే పెద్దల్ని. వాళ్ళూ అలసిపోతారని, ఆవలిస్తారని జనం తెలుసుకోవటంలో న్యాయం వుంది. నా స్నేహితుడి కన్నీళ్ళు జనానికి బాకీ వున్నవి కావు. ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.

1933లో హిట్లర్ రావటంతో సాలొమన్ భార్య పుట్టిన దేశమైన హాలండుకి వెళ్ళిపోయాడు. 1940లో నాజీ సైన్యం అక్కడికీ వచ్చింది. కుటుంబం దాక్కుంది, చివరికి దొరికిపోయింది. 1944లో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ఆయన ప్రాణం పోయింది. భార్య, చిన్నకొడుకు కూడా మిగల్లేదు. ఇంగ్లండులో వున్న పెద్దకొడుకు యుద్ధం ముగిశాక తండ్రి నెగటివుల్ని వెతికి పోగుచేశాడు. కొన్ని డచ్చి పార్లమెంటు లైబ్రరీలో దాచి వున్నాయి. కొన్ని కోళ్ళగూటి దగ్గర పాతిపెట్టినవి, చెమ్మకి పాడయ్యాయి. మిగిలినవాటివల్లే ఆ విందులు ఇవాళ మనకి కనపడుతున్నాయి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్నతో గట్టు మీద చాలాసేపు కూచున్నాను. ఫోను సంగతి ఆయన మరిచిపోయేదాకా ఆగాను. నవ్వుతుంటే తీశాను. తర్వాత చూపించి, గోడకి పెట్టనా అని అడిగాను. ఒక్క క్షణం చూసి, పెళ్ళిఫొటో పక్కనే పెట్టమన్నాడు.