ఫూలే ఊహించిన ఇల్లు

ఏటా ఏప్రిల్ 11న మనం మహాత్మా జోతిరావు ఫూలే విగ్రహానికి దండ వేస్తాం. ఆడపిల్లల బడి గురించి, సత్యశోధక్ సమాజ్ గురించి మాట్లాడుకుంటాం. ఆయన మళ్లీ బడిమెట్లు ఎక్కడానికి ఒక ముస్లిం మున్షీ సాయపడ్డాడన్న సంగతి మాత్రం మన ఉపన్యాసాల్లో అరుదుగా వినిపిస్తుంది.

1827లో మాలీ కులంలో పుట్టిన జోతిరావును తండ్రి గోవిందరావు కొన్నాళ్లు చదివించి మాన్పించాడు. శూద్రుడికి చదువెందుకని చుట్టుపక్కల వాళ్లు నూరిపోశారు మరి. పిల్లవాడు తోటపనిలో పడ్డాడు. పొరుగున ఉండే ఫార్సీ పంతులు గఫార్ బేగ్ మున్షీ, క్రైస్తవుడైన లిజిట్ సాహెబ్ ఆ పిల్లవాడి తెలివి చూసి తండ్రికి నచ్చజెప్పారు. 1841లో జోతిరావు పుణెలోని స్కాటిష్ మిషన్ బడిలో చేరాడు.

1848లో ఒక బ్రాహ్మణ మిత్రుడి పెళ్లి ఊరేగింపులో ఆయనకు కులం పేరుతో అవమానం జరిగింది. అదే ఏడు ఆడపిల్లల బడి తెరిచారు. ఛాందసుల ఒత్తిడికి తలొగ్గిన తండ్రి, కొడుకునూ కోడలినీ ఇల్లు విడిచి వెళ్లమన్నాడు. అప్పుడు వాళ్లకు ఉస్మాన్ షేక్ ఆశ్రయమిచ్చాడని జీవితచరిత్రలు చెబుతాయి. 1856లో పుట్టింట్లో జబ్బుపడి ఉన్న సావిత్రీబాయి భర్తకు రాసిన ఉత్తరంలో ఫాతిమా పేరు కనిపిస్తుంది. తను లేకపోవడంతో పనిభారమంతా ఆమె మీద పడి ఉంటుందని, అయినా ఆమె సణిగే మనిషి కాదని సావిత్రీబాయి తలుచుకుంది. కలిసి పనిచేసిన ఆడవాళ్లకే తెలిసే మాట అది.

1868లో తన ఇంటి నీళ్ల తొట్టిని అంటరానివాళ్లకు తెరిచారు. 1873లో గులాంగిరీ వచ్చింది, సత్యశోధక్ సమాజ్ పుట్టింది. మహమ్మద్ ప్రవక్త మీద ఫూలే ఒక కవిత కూడా రాశారు. శూద్రాతిశూద్రులను మనుషులుగా చూడని మతాన్ని నిలదీసిన ఆయన, మనుషులంతా సమానమన్న మాట ఎవరు చెప్పినా గౌరవంతో విన్నారు.

1888లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో చివరి పుస్తకం సార్వజనిక్ సత్యధర్మ రాశారు. అందులో ఆయన ఒక ఇంటిని ఊహించారు. తల్లి బౌద్ధ గ్రంథాలు చదివి నచ్చితే బౌద్ధురాలు కావచ్చు. తండ్రి బైబిలు చదివి క్రైస్తవుడు కావచ్చు. కూతురు ఖురాన్ చదివి ముస్లిం కావచ్చు. కొడుకు సత్యధర్మం పట్టవచ్చు. ఎవరూ ఎవరినీ ద్వేషించకుండా, ఒకే దేవుడి బిడ్డలమనుకుంటూ ఒకే కప్పు కింద బతకాలి.

ఈ ఊహలో మమ్మల్ని ఎక్కువగా ఆపేది ఆ కూతురే. ఆమె పెళ్లి కోసమో, ఎవరి మాటలకో లొంగి మారలేదు, చదివి మారింది. ఇవాళ ఉత్తరప్రదేశ్‌లో అలాంటి అమ్మాయి 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కు చెప్పుకోవాలి. ఫూలే ఇంట్లో ఆమె ఎవరి అనుమతీ అడగలేదు.

1890 నవంబర్ 28న ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడు ఆ పుస్తకాన్ని పెంపుడు కొడుకు యశ్వంత్ అచ్చు వేయించాడు.