రోగి ఇంటికే నర్సును నడిపించిన లిలియన్ వాల్డ్

(మార్చి 10 లిలియన్ వాల్డ్ జయంతి)

1893లో చినుకులు పడుతున్న ఒక ఉదయం. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో వలస మహిళలకు రోగి సంరక్షణ పాఠాలు చెబుతున్న యువ నర్సు లిలియన్ వాల్డ్ వద్దకు ఒక చిన్నారి పరుగున వచ్చింది. ఆ పాప వెంట వెళ్లగా, ఇరుకు గదిలో రక్తస్రావంతో తడిసిన పడకపై బాలింత అయిన తల్లి కనిపించింది. వాల్డ్ ఆమెను శుభ్రపరచి, పక్క మార్చారు. అంతకుమించి చేసింది లేదు. అయినా ఆ కుటుంబం ఆమె చేతులను ముద్దాడింది.

1867లో సిన్సినాటిలో కలిగిన యూదు కుటుంబంలో జన్మించిన వాల్డ్, 1891లో నర్సింగ్ పూర్తిచేసి, అప్పటికి వైద్య కళాశాలలో చదువుతున్నారు. ఆ చదువును వదిలి, సహ నర్సు మేరీ బ్రూస్టర్‌తో కలిసి ఆ పేదల పేటలోనే నివాసమేర్పరచుకున్నారు. 1895లో బ్యాంకరు జాకబ్ షిఫ్ హెన్రీ వీధిలో ఇల్లు సమకూర్చారు.

ఇళ్లకు వెళ్లే నర్సులు అంతకుముందూ ఉన్నారు. అయితే వైద్యుని సిఫార్సు లేకుండానే రోగి నేరుగా కబురు పంపవచ్చునని, కులమతాలు అడగరాదని వాల్డ్ నియమం. స్థోమత గలవారు స్వల్ప రుసుము చెల్లించేవారు, లేనివారికి ఉచితం. బీదవాని ఆత్మగౌరవం ఎరిగిన ఏర్పాటిది. మెట్లు దిగి ఎక్కే శ్రమ తప్పించుకొనేందుకు నర్సులు సంచి పట్టుకొని మేడ మీది నుంచి మేడకు దాటేవారు.

1902లో ఆమె ప్రేరణతో లినా రోజర్స్ పాఠశాల నర్సుగా నియమితులయ్యారు. 1909లో మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ తన పాలసీదారులకు ఈ సేవలందించేందుకు ముందుకొచ్చింది.

1940 సెప్టెంబరు 1న వాల్డ్ కన్నుమూశారు. 1944లో నర్సుల విభాగం విడిగా విజిటింగ్ నర్స్ సర్వీస్ ఆఫ్ న్యూయార్క్‌గా ఏర్పడింది. 2022లో వీఎన్‌ఎస్ హెల్త్‌గా పేరు మార్చుకుంది.