మధుర వైద్యనాథయ్యరు

1939 జులై 8వ తేదీన మధుర మీనాక్షీ ఆలయమునకు ఒక బ్రాహ్మణ న్యాయవాది, అస్పృశ్యులుగా ఎంచబడిన ఐదుగురిని, ఒక నాడారును వెంటబెట్టుకొని ప్రవేశించెను. ఆయనయే తంజావూరు మండలమున 1890లో జన్మించిన ఎ. వైద్యనాథయ్యరు.

ఆయన తెగువను గ్రహించుటకు ఆనాటి న్యాయస్థితి నెఱుగవలెను. ఆలయాచారము ఆస్తిహక్కువలెనే కోర్టులలో చెల్లుచుండెను. రామనాథపురము జమీందారీలోని కముది ఆలయమున నాడారులకు ప్రవేశము లేదని 1908లో ప్రీవీ కౌన్సిలే తీర్పు చెప్పియుండెను. కావున ఆచారమును మీరినవారికే గాక, మీరనిచ్చిన ఆలయాధికారికిని వ్యాజ్యభయ ముండెను. వకీలైన అయ్యరుకు ఇది తెలియనిది కాదు.

ప్రవేశము నిర్విఘ్నముగా జరిగెను. చిక్కులు పిదప వచ్చెను. ఆలయము మైలపడెనని అర్చకులలో కొందఱు పూజలు మానిరి. వారు కోరినదియు మతస్వేచ్ఛయే! తమ నిష్ఠ చొప్పున దేవుని కొలుచు హక్కు వారిది. ఆ దేవునే కన్నులార చూచు హక్కు వెలుపల నిలిచినవారిది. రాజాజీ ప్రభుత్వము మొదట ఆర్డినెన్సును, పిమ్మట చట్టమును చేసి, ప్రవేశమునకు బాధ్యులైన వారిని వ్యాజ్యములనుండి కాపాడెను. జరిగిన పనికి వెనుకనుండి చట్టము తొడుగుట పద్ధతి కాదనిపించవచ్చును. కాని ఆచారమునకు తీర్పుల బలము చేకూరియున్నప్పుడు వేఱు దారి కానరాదు.

1950 నాటి రాజ్యాంగము 25వ అధికరణమున మతస్వేచ్ఛ నిచ్చుచునే, హిందువుల సార్వజనిక దేవాలయములను అన్ని వర్గములవారికిని తెఱచు చట్టములకు చోటుంచెను. అయ్యరు దానిని చూచి, 1955లో గతించెను. నాడు ఆయనతో లోనికి నడచిన కక్కన్ తరువాత మద్రాసు రాష్ట్రమున మంత్రి అయ్యెను.