సమ్మెకు సంకెళ్లేసిన వకీలు రాబర్ట్ టాఫ్ట్

అమెరికాల కార్మిక సంఘాల నడుం ఇరగ్గొట్టిన చట్టం టాఫ్ట్-హార్ట్లీ. దాంట్ల మొదటి పేరు సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్‌ది. మనం కూలీల దిక్కున్నోళ్లం, ఈయన మనకు చుట్టం గాదు. అయినా ఈయన సంగతి తెల్సుకోవాలె తమ్మీ, ఎదుటోడు ఏం నమ్మి కొట్లాడుతుండో ఎర్కలేకుంటె ఎట్ల?

1889ల ఒహాయో రాష్ట్రం సిన్సినాటిల పుట్టిండు. తండ్రి దేశానికే ప్రెసిడెంట్, తర్వాత సుప్రీంకోర్టు పెద్ద జడ్జి. పెద్దింటి పిలగాడన్నట్టు. హార్వర్డ్‌ల లా చదివి క్లాసుల ఫస్టొచ్చిండు, సొంతూర్ల వకాలత్ చేసిండు, రాష్ట్ర అసెంబ్లీల స్పీకరైండు. 1938ల సెనేట్‌కు గెలిచిండు. సర్కారు ఖర్చన్నా, సర్కారు పెత్తనమన్నా ఆయనకు పడకపోతుండె.

యుద్ధం ఒడిసినంక ధరలు పెరిగినయ్, జీతాలు పెరగలె. 1946ల ఎక్కడ జూసినా సమ్మెలే. రైల్వే కార్మికులు బండ్లు ఆపిన్రు. ప్రెసిడెంట్ ట్రూమన్‌కు కోపమొచ్చి, సమ్మె చేసెటోళ్లను మిలిట్రీల కలుపుకునే అధికారం ఇయ్యుమని అడిగిండు. కింది సభ 306-13 ఓట్లతోటి సరే అన్నది. సెనేట్‌ల అడ్డం నిలబడ్డోళ్లల్ల ముందున్నది ఎవరనుకున్నరు? టాఫ్టే! అది ఆన్నే ఆగింది.

తెల్లారి ఏడాది అదే మనిషి సంఘాల మీద పడ్డడు. యూనియన్ల ఉన్నోన్నే పనిల పెట్టుకోవాలన్న ఒప్పందాలు బంద్. ఒక కంపెనీ కార్మికుల కోసం ఇంకో కంపెనీ కార్మికులు పని ఆపుడు బంద్. దేశానికి ఆపదొస్తదంటె కోర్టు సమ్మెను 80 దినాలు ఆపొచ్చు. యూనియన్ నాయకులు కమ్యూనిస్టులం గామని ప్రమాణం రాసియ్యాలె. ట్రూమన్ వీటో చేసిండు. 1947 జూన్ 23న కాంగ్రెస్ ఆ వీటోను కొట్టేసింది. మాలకులకు, సంఘాలకు తక్కెడ సమానం జేసిన్నని టాఫ్ట్ లెక్క. మాలకుని చేతుల మిల్లుంది, కూలోని చేతుల సమ్మె తప్ప ఏమున్నది? ఇదేం సమానం?

గని రూలంటె రూలే అనేటోడు. 1942ల జపాన్ మూలాలున్నోళ్లను ఇండ్లకెల్లి ఎల్లగొట్టే చట్టమొచ్చినప్పుడు, అది రాసిన తీరే తప్పని సెనేట్‌ల లేచి చెప్పింది ఆయనొక్కడే. అయినా అడ్డుకోలే. నాజీ నాయకులకు నూరెంబర్గ్‌ల ఉరిశిక్ష ఏసినప్పుడు, నేరం జరిగినంక పుట్టిన చట్టంతోటి శిక్షేసుడు న్యాయం గాదన్నడు. ఎన్నికల ముంగట గా మాట ఎవడంటడు? మెకార్థీ అనే సెనేటర్ ఎవ్వల్ని పడితె వాళ్లను కమ్యూనిస్టని బద్నాం జేస్తుంటె మాత్రం ఈ వకీలు రూల్ పుస్తకం తెరువలే, పైకెల్లి ఎగదోసిండు. ఆ మచ్చ చిన్నదేం గాదు.

ఇంకో ముచ్చట. సర్కారు పెత్తనం వద్దన్న ఈయనే, బీదోళ్లకు సర్కారు ఇండ్లు కట్టాలని పట్టుబట్టిండు. 1949 హౌసింగ్ చట్టంల 8,10,000 ఇండ్ల లక్ష్యం పెట్టిన్రు.

1950ల యూనియన్లన్నీ ఏకమై ఓడగొట్టాలని సూస్తె, 4 లక్షల పైచిలుకు ఓట్లతోటి గెలిచిండు. ప్రెసిడెంట్ టికెట్ మాత్రం మూడుసార్లడిగినా దొరకలె, 1952ల ఐసెన్‌హోవర్ ఎత్తుకపోయిండు. 1953 జులై 31న క్యాన్సర్‌తోటి సచ్చిపోయిండు.

యూనియన్ల చేరాలన్న షరతును రాష్ట్రాలు పూరాగ తీసేసుకోవచ్చని ఆయన చట్టంలనే ఉండె. 1958ల ఒహాయోల గదే చేద్దామని ఓటింగ్ పెట్టిన్రు. టాఫ్ట్‌ను గెలిపించిన ఆ జనమే దాన్ని చిత్తుగ ఓడగొట్టిన్రు.