పసి నిజాంకు కాపు కాసిన దివాను

హైదరాబాద్ వెళ్లి సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివాళ్లు తక్కువ. బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం ముందు మనమంతా నిలబడ్డవాళ్లమే. అయితే అక్కడి వస్తువుల్లో చాలావరకు సేకరించింది మనవడు, మూడో సాలార్‌జంగ్. నేను చెప్పబోయేది తాతగారి గురించి.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. 1829లో పుట్టారు. దివాన్ల కుటుంబం. మీర్ ఆలం చెరువు పేరు విన్నాం కదా, ఆ మీర్ ఆలం ఈయన ముత్తాత. 1853లో చిన్నాన్న చనిపోతే ఇరవై నాలుగేళ్లకే దివాను పదవి మీద పడింది. అప్పటికి ఖజానా ఖాళీ. బాకీల కింద బేరార్ ప్రాంతం కాస్తా అప్పుడే ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోయింది.

అప్పట్లో శిస్తు వసూలు గుత్తకిచ్చేవారు. గుత్తకిచ్చిన పని ఎలా ఉంటుందో సైట్లో పనిచేసే మనకు వేరే చెప్పాలా? ఆయన అది మాన్పించి జీతగాళ్లను పెట్టారు. 1865లో జిల్లాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టారు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలొచ్చింది.

మచ్చ లేదని కాదు. 1857లో తుర్రేబాజ్‌ఖాన్ కోఠీ రెసిడెన్సీ మీద దాడికెళితే, ఈయన ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచారు. ఆ మాట నేటికీ తప్పుపట్టేవాళ్లున్నారు.

1869లో నిజాం చనిపోయారు. వారసుడు మహబూబ్ అలీఖాన్‌కు అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. పాయిగా అమీరుతో కలిసి సాలార్‌జంగ్ ఆ పసివాడి పేరున రాజ్యం నడిపారు. వెయ్యేళ్ల కిందట జపాన్‌లో ఫుజివారా వంశంవాళ్లూ ఇలాగే పసి చక్రవర్తుల పేరున ఏలారు. కాకపోతే వాళ్లు కూతుళ్లను చక్రవర్తులకిచ్చి, మనవళ్లను గద్దెనెక్కించి, అధికారం ఇంట్లోనే ఉంచుకున్నారు. సాలార్‌జంగ్‌కు అలాంటి వియ్యం లేదు. పిల్లాడు పెద్దయితే అప్పగించాల్సిందే.

1876లో లండన్ వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది గానీ, ఆయన అడుగుతున్న బేరార్ మాత్రం తిరిగి రాలేదు.

1883 ఫిబ్రవరి 8న కలరాతో కన్నుమూశారు. ఏడాది తిరక్కుండానే, 1884 ఫిబ్రవరి 5న మహబూబ్ అలీఖాన్ పూర్తి అధికారాలు చేపట్టారు. పద్నాలుగేళ్లు కాపు కాసిన మనిషి ఆ రోజు చూడలేదు.

ఇక్కడ డల్లాస్‌లో నేను కట్టించే ఇళ్లలో ఒక్కటీ నాది కాదు. తాళాలు ఇచ్చేసి వచ్చేటప్పుడల్లా ఈయనే గుర్తొస్తారు.