ధీరవ్రతులు కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు

కష్టము నెరుగని మనుష్యుడు లోకమున లేడు. శ్రీరామచంద్రునకు అరణ్యవాసము తప్పలేదు. ధర్మనందనునకు అజ్ఞాతవాసము తప్పలేదు. ఆపద పైబడినపుడు చేపట్టిన కర్తవ్యమును జారవిడువక నిలుచువానినే మన పెద్దలు ధీరుడనిరి. అట్టి ధైర్యము మహారాజులకును మునీశ్వరులకును మాత్రమే చెల్లునని కొందరు తలతురు. గృహస్థుడై, దేహమున జబ్బుతో, పుస్తకముల నడుమ బ్రతికిన వానికిని అది సాధ్యమేయని శ్రీ కొమర్రాజు వేంకటలక్ష్మణరావు పంతులుగారి జీవితము తెలుపుచున్నది.

పంతులుగారు 1877వ సంవత్సరమున కృష్ణా మండలమునందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. మూడేండ్ల పసివయసుననే తండ్రి వేంకటప్పయ్యగారు గతించిరి. బాల్యమున కొంతకాలము భువనగిరిలో చదివి, పిదప అక్కగారగు బండారు అచ్చమాంబగారి యింట నాగపూరున పెరిగిరి. అక్కయు బావయు నీడనిచ్చిరి. ఆ నీడలో తమ్ముడు సంస్కృతాంగ్లములతోపాటు మహారాష్ట్ర భాషను సైతము మాతృభాషవలె నభ్యసించి, ఆ భాషలోనే వ్యాసములు వ్రాయునంతటి వారైరి. బడికి పోవు భాగ్యము లేని అక్కగారికి చదువులో తోడైనవారును ఆ తమ్ముడే.

అచ్చమాంబగారికి కలిగిన యిద్దరు బిడ్డలును చిన్ననాడే చనిపోయిరి. కన్నతల్లికి అంతకు మించిన దుఃఖమేమున్నది? ఆమె ఆ శోకమున మునిగిపోక దిక్కులేని పిల్లలను చేరదీసి పెంచెను. స్త్రీల చరిత్రములను సేకరించి 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాలను వెలయించెను. స్వంత దుఃఖమును పరుల సేవగా మార్చుకొను విద్యను పంతులుగారు పొరుగున నేర్వనక్కరలేకపోయెను. అది వారి యింటనే యుండెను.

ఆ 1901వ సంవత్సరముననే సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. అప్పటికి పంతులుగారు మునగాల సంస్థానాధిపతులగు రాజా నాయని వేంకటరంగారావు బహద్దరుగారి కొలువున నుండిరి. నిజాం రాజ్యమున రాజభాష వేరు. తెలుగు పుస్తకము దొరకుటయే అరుదు. రాజాగారును, శ్రీ రావిచెట్టు రంగారావుగారును, పంతులుగారును కలిసి, రంగారావుగారి యింటనే యీ సరస్వతీ మందిరమునకు దీపము పెట్టిరి.

1905 జనవరిలో అచ్చమాంబగారు ముప్పది యేండ్ల వయసుననే పరమపదించిరి. తల్లివలె సాకిన అక్క పోయినది. పంతులుగారి కుమార్తె పేరును అచ్చమాంబయే. ఆ బిడ్డ తరువాతి కాలమున వైద్యురాలుగా పేరుగాంచెను. అక్కగారు పోయిన మరుసటి యేడు, 1906లో, పంతులుగారు మిత్రులతో కలిసి హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. చరిత్రము, ప్రకృతిశాస్త్రములు, మహాపురుషుల జీవితములు సులభమగు తెలుగున వెలువడసాగెను. కొలది కాలమునకు మండలి చెన్నపురికి తరలెను.

1910లో రంగారావుగారు చిన్నవయసుననే కీర్తిశేషులైరి. ఆధారస్తంభము కూలినదని భాషానిలయము మూతపడలేదు. వారి ధర్మపత్ని లక్ష్మీనరసమ్మగారు విరాళమొసగిరి, మిత్రులు పూనుకొనిరి, 1921 నాటికి సుల్తాన్ బజారులో గ్రంథాలయమునకు స్వంత భవనము సిద్ధమయ్యెను. బట్టల దుకాణములును జనసమ్మర్దమును గల ఆ వీథిలో ఆనాటి వారి ధైర్యమునకు గురుతుగా అది నేటికిని నిలిచియున్నది.

పంతులుగారు తలకెత్తుకొనిన మహాభారము ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. సమస్త విద్యలను అకారాది క్రమమున తెలుగులోనికి తెచ్చుట యనగా సామాన్యమా? శాస్త్రపదములను క్రొత్తగా కల్పింపవలెను, పండితులను కూర్పవలెను, ధనమును సమకూర్పవలెను. ఇన్నిటికి తోడు వారిని ఉబ్బసవ్యాధి వేధించుచుండెను. ఊపిరాడని రాత్రులు గడిచినను, తెల్లవారిన పిదప పని యాగలేదు. 1908లో రాజద్రోహ నేరముపై చెరసాల కేగి వచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారును, చరిత్ర పరిశోధకులు మల్లంపల్లి సోమశేఖరశర్మగారును వారికి తోడ్పడిరి. ఇంటి తలుపు సైతము పెద్దలకు తెరచియే యుండెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919 మే 27న తుదిశ్వాస విడిచినది చెన్నపురిలోని లక్ష్మణరావు పంతులుగారి గృహముననే.

మూడు సంపుటములు వెలువడినవి. అవన్నియు అకారముతో మొదలగు విషయములే! ముందున్నది మహాసముద్రము, దాటినది తొలి కెరటము. ఎంతటి వానికైనను నిరాశ కలుగవలసిన తావిది. ఐనను పంతులుగారు కలము దింపలేదు. 1923 జూలై 12న, నలుబదియారవ యేట, ఆ పనిలో నుండగనే వారు దివంగతులైరి.

గ్రంథము ముగియలేదు గదా, ఆ శ్రమయంతయు వ్యర్థమా యని సందేహము కలుగవచ్చును. వారి పిదప దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ సర్వస్వమును చేతికెత్తుకొనిరి. హైదరాబాదులోని పరిశోధక మండలి లక్ష్మణరాయ పరిశోధక మండలియను పేరు దాల్చి, 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించెను. ఒకరు నాటిన విత్తునకు మరియొకరు నీరు పోయుదురు, ఫలము ఇంకొకరిది.

ఈ మహనీయుని ధైర్యమునకు మూలమేమని విచారించిన మూడు విషయములు తోచును. మొదటిది, వారు ఏ భారమును ఒంటరిగా మోయలేదు. సజ్జనుల తోడు చేసికొనిరి. రెండవది, కొండంత పనిని చూచి భయపడక నేటి పుటను నేడు ముగించిరి. మూడవది, ఫలము తమ కనులయెదుట పండవలెనని పట్టు పట్టలేదు. గీతాచార్యుడుపదేశించిన కర్మయోగము ఇంతకంటె వేరు గాదు.

మనస్సు క్రుంగిన వేళ దేవుని యెదుట కూర్చుండి కన్నీరు విడుచుటలో తప్పు లేదు. ఆ కన్నీరు తుడుచుకొని లేచిన పిదప, చేతికందిన చిన్న పనిని భగవదర్పణముగా చేయవలెను. నేటి పనికి చాలినంత బలమును ఆ స్వామి ప్రసాదించును. రేపటిది రేపు ప్రసాదించును.